తూటా లెక్క... జాకెట్ లెక్క

సినిమాలో హీరో గుండెల మీద రెండు తూటాలు తగులుతాయి. కుప్పకూలిపోతాడు. విలన్ నవ్వుకుంటూ వెనక్కి తిరుగుతాడు. అంతలో హీరో లేచి, తాపీగా చొక్కా గుండీలు విప్పుతాడు. లోపల బులెట్‌ప్రూఫ్ జాకెట్! హాలంతా ఈలలు.

అచ్చంపేటలోనో అమ్రాబాద్‌లోనో ఆ సినిమా చూసే పాతకాలం మనిషి మాత్రం అంత తేలిగ్గా నమ్మడు. నల్లమల ప్రాంతంలోని ఆ ఊళ్లు 1990ల్లో ఒకవైపు దళాలనూ మరోవైపు పోలీసులనూ చూశాయి. చెంచుపెంటల్లో నాటుతుపాకీ, ఠాణాల్లో త్రీనాట్‌త్రీ, ఎస్సెల్లార్, దళాల భుజాన ఏకే-47... అన్నీ తెలిసిన నేల అది. అక్కడి మనిషి మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘కాల్చింది దేనితో?’

అసలు ప్రశ్న అదే. తూటా ఏదో తెలియకుండా జాకెట్ ఆపుతుందో లేదో చెప్పలేం.

తూటా లావును బట్టి దాని దెబ్బను అంచనా వేయడం మనకు అలవాటు. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు ‘పాయింట్ 32 బోరు’ అంటుంటారు. మన దేశంలో 9 ఎం.ఎం., పాయింట్ 38 వంటివి మామూలు పౌరులకు నిషిద్ధం కాబట్టి ఎక్కువమంది దగ్గర ఉండేది ఆ 32 బోరే. ఆ పిస్టల్ తూటా వెడల్పు సుమారు 7.9 మిల్లీమీటర్లు. మరి ఏకే-47 తూటాది? అదీ దాదాపు 7.9 మిల్లీమీటర్లే! 7.62 అని మనం వినేది గొట్టం లోపలి కొలత. రెండు తూటాలనూ ముందు నుంచి చూస్తే లావులో తేడా కనిపించదు.

తేడా అంతా బరువులో, వేగంలో ఉంది. పాయింట్ 32 పిస్టల్ తూటా నాలుగున్నర గ్రాములకు కాస్త పైన తూగుతుంది. సెకనుకు 300 మీటర్ల లోపు వేగంతో వెళుతుంది. ఏకే-47 తూటా బరువు దాదాపు 8 గ్రాములు, వేగం 700 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుందని హైస్కూల్లో చదువుకున్నదే. లెక్క కడితే మొదటి దాని శక్తి సుమారు 200 జౌళ్లు, రెండోదానిది 2000 జౌళ్లు. ఒకే లావు, పదింతల దెబ్బ. ఇన్సాస్ రైఫిల్ తూటా 5.56 ఎం.ఎం. మాత్రమే. 32 బోరు కంటే సన్నం. అయినా పిస్టల్ తూటాలను ఆపే జాకెట్‌ను అది పాత గోనెసంచిని చీల్చినట్టు చీల్చేస్తుంది.

పిస్టళ్లలో వాటిలో వాటికీ ఇలాంటి తిరకాసే ఉంది. అమెరికన్ సినిమాల్లో పాయింట్ 45 పిస్టల్‌కు పెద్ద పేరు. దాని తూటా 15 గ్రాములు. బొటనవేలంత లావుగా కనిపిస్తుంది గానీ వేగం 260 మీటర్లే. 9 ఎం.ఎం. తూటా అందులో సగం బరువుంటుంది, వేగం మాత్రం 370 మీటర్ల దాకా ఉంటుంది. రెండింటి శక్తీ దగ్గరదగ్గర 500 జౌళ్లే. కానీ జాకెట్‌కు కష్టమైనది సన్నగా, వేగంగా వచ్చే 9 ఎం.ఎం.! లావు తూటా బలం ఎక్కువ పోగుల మీద పంచుకుపోతుంది. సన్నదాని బలమంతా కొద్ది చోటే పడుతుంది. ఇంకో సంగతి. అదే 9 ఎం.ఎం. తూటాను పొడుగు గొట్టం ఉన్న కార్బైన్‌తో కాలిస్తే వేగం ఇంకా పెరుగుతుంది. అంటే తూటా పేరు చెప్పినా సరిపోదు, ఏ గొట్టంలోంచి వచ్చిందో కూడా చెప్పాలన్నమాట.

పోగులు అన్నాం కదా... పిస్టల్ తూటాలను ఆపే జాకెట్‌లో ఇనుము ఉండదు. బట్టే ఉంటుంది. డూపాంట్ కంపెనీలో పనిచేసిన స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త 1965లో కనిపెట్టిన కెవ్లార్ పోగుతో నేసిన గుడ్డను పొరలు పొరలుగా పేర్చి కుడతారు. సోమశిల దగ్గర కృష్ణలో జాలరి వల వేసినప్పుడు పెద్ద చేప తగిలితే వల మొత్తం సాగి దాన్ని పట్టుకుంటుంది. ఇదీ అంతే. మెత్తటి సీసం తూటా పొరలకు తగిలి పుట్టగొడుగులా చదునవుతుంది, దాని బలం చుట్టూ పోగులకు పాకిపోతుంది. 1975 డిసెంబర్‌లో సియాటిల్‌లో ఒక పోలీసు అధికారి ప్రాణాన్ని ఈ జాకెట్ కాపాడింది. ఆ తరవాత అమెరికా పోలీసులు దాన్ని వదల్లేదు.

ఇలా ఆపగలిగేది పిస్టల్, రివాల్వర్ తూటాలనే. అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన ప్రమాణాల్లో మెత్తటి జాకెట్లకు ఆఖరి మెట్టు ‘3ఏ’. సెకనుకు 436 మీటర్ల వేగంతో వచ్చే పాయింట్ 44 మాగ్నమ్ తూటాను, అంటే రివాల్వర్లలో చాలా మొనగాడిని, అది ఆపాలి. ఆపుతుంది కూడా. అదే జాకెట్ మామూలు రైఫిల్ ముందు నిలవదు. దానికి పింగాణీ పలకో ఉక్కు పలకో తొడగాల్సిందే. ఈ అంకెలతో జనం తికమకపడుతున్నారని కాబోలు, 2023లో ఆ ప్రమాణాల పేర్లే మార్చేశారు. హ్యాండ్‌గన్‌కు హెచ్‌జీ, రైఫిల్‌కు ఆర్ఎఫ్. మన భారతీయ ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ఐఎస్ 17051లో ఆరు మెట్లున్నాయి. మొదటిది 9 ఎం.ఎం.ది, మిగిలినవి రైఫిళ్లవి. మన దేశంలో ఎదురయ్యే తుపాకులేవో ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది.

తూటా ఆగిందంటే దెబ్బ తగల్లేదని కాదు. పరీక్షలో జాకెట్ వెనక బంకమట్టి దిమ్మ పెట్టి కాలుస్తారు. మట్టిలో గుంట 44 మిల్లీమీటర్లు దాటితే జాకెట్ తప్పినట్టే. దాటకపోతే పాసు. నాలుగు సెంటీమీటర్ల గుంట పడినా పాసే అన్నమాట! అది మనిషి ఛాతీ మీద పడితే పక్కటెముకలు విరగొచ్చు. సినిమా హీరోలా లేచి గుండీలు విప్పుకోవడం అందరి తరం కాదు.

ఇంతకీ జాకెట్ ఒంటి మీద ఉండాలి కదా. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీ మీద కాల్చింది పాయింట్ 38 రివాల్వర్‌తో, స్టెర్లింగ్ కార్బైన్‌తో. రెండోది చూడటానికి పెద్ద తుపాకీయే గానీ వాడేది 9 ఎం.ఎం. పిస్టల్ తూటానే. మెత్తటి జాకెట్ ఎదుర్కోవడానికే పుట్టిన తూటాలవి. జాకెట్ వేసుకోవాలని ఆమెకు చెప్పినవాళ్లున్నారు. ఆ ఉదయం టీవీ ఇంటర్వ్యూకి బయలుదేరిన ఆమె ఒంటి మీద అది లేదు.

మన దగ్గరా అదే కథ. 1989లో గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో కాల్చి చంపారు. ఆయన అప్పుడు జాగింగ్ చేస్తున్నారు. పరుగుకి వెళ్లేవాడు కవచం కట్టుకుని వెళతాడా? 1999 సెప్టెంబర్ 4న ఉమేశ్‌చంద్ర కారు ఎస్.ఆర్. నగర్ కూడలిలో ఆగినప్పుడు దగ్గర్నుంచి కాల్పులు జరిపారు. గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారు. ఊళ్లో అయితే పొట్టి ఆయుధం, దగ్గరి దూరం, ఏమరుపాటు సమయం. మెత్తటి జాకెట్ పనికొచ్చేది ఇలాంటి చోటే. తీరా ఆ సమయానికే అది ఒంటి మీద ఉండదు.

అడవి లెక్క వేరు. 1993 నవంబర్‌లో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశినాయుడు, మరికొందరు పోలీసులు కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మందుపాతర పేలి మరణించారు. పిస్టల్ జాకెట్ కాదు, ఏ జాకెట్ ఉన్నా మందుపాతర ముందు చేసేదేముంటుంది! అక్కడ కావలసింది జాకెట్ కాదు, బండి దిగి నడవడం. గ్రేహౌండ్స్ నేర్చుకున్నదీ, నేర్పిందీ అదే... చిన్న జట్లుగా, కాలినడకన, రోడ్డుకు దూరంగా. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద క్లెమోర్ మైన్లు పేలినప్పుడు ఆయన ఉన్నది బులెట్‌ప్రూఫ్ కారులో. గాయాలతో బయటపడ్డారు.

రోజుల తరబడి నడిచే మనిషికి బరువే పెద్ద శత్రువు. పిస్టల్ తూటాలను ఆపే మెత్తటి జాకెట్ రెండు మూడు కిలోలుంటుంది. ఏకే-47ను ఆపే పలకలు తొడిగితే అది ఒకప్పుడు పది కిలోలు దాటేది. దాని మీద రైఫిలు, తూటాల మ్యాగజైన్లు, నీళ్లు, తిండి. ఆ బరువు తగ్గించే పనిలో మన హైదరాబాద్‌కీ వాటా ఉంది. కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ తయారుచేసిన ట్యాంకు కవచానికి ఆ పేట పేరు మీదే ‘కంచన్’ అని పెట్టారు. అర్జున్ ట్యాంకుకు ఉన్నది అదే. అక్కడే ఉన్న మిధాని సంస్థ బార్క్ పరిజ్ఞానంతో చేసిన ‘భాభా కవచ్’ 2019లో బయటికొచ్చింది. బోరాన్ కార్బైడ్ అనే గట్టి పింగాణీ వాడి ఏకే-47 ఉక్కుమొన తూటాను కూడా ఆపే ఆ జాకెట్ బరువు 9.2 కిలోలు.

చెమటకూ ఎండకూ ఈ పోగులు తట్టుకోవడం ఇంకో గొడవ. అమెరికాలో జైలాన్ అనే కొత్త పోగు జాకెట్ 2003లో ఒక పోలీసు అధికారి ఒంటి మీదే చిల్లుపడింది. అది ఆపాల్సిన పిస్టల్ తూటానే దాన్ని దాటింది. తేమ తగిలితే ఆ పోగు బలం తగ్గిపోతోందని పరిశోధనల్లో తేలి, 2005లో జైలాన్ జాకెట్లకు గుర్తింపు తీసేశారు. వానాకాలం నల్లమలలో తేమ ఎంతుంటుందో మన్ననూరు దాటి శ్రీశైలం వెళ్లేవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దళాల కాలం వెనకపడింది. అడవిలో తిరిగేది బీట్ ఆఫీసర్లు, వాళ్ల వెంట దారి చూపే చెంచులు. వాళ్లలో చాలామంది చేతిలో ఉండేది కర్రే. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును పోడు తగాదాలో చంపింది తుపాకీతో కాదు, వేటకొడవళ్లతో. ఆ తరవాత అటవీ సిబ్బందికి ఆయుధాలివ్వాలన్న మాట గట్టిగా వినిపించింది. జాకెట్లు ఇవ్వాలన్నా ముందు ఒకటి చూసుకోవాలి. తూటాను ఆపే మెత్తటి గుడ్డ కత్తిమొనను ఆపుతుందన్న భరోసా లేదు. పొడుపును ఆపేందుకు నేత వేరు, పరీక్షలు వేరు, మెట్లు వేరు. జాకెట్ లోపలివైపు కుట్టిన చిన్న చీటీలో అదంతా రాసి ఉంటుంది... ఏ మెట్టు, ఏ ఏడు తయారైంది, ఏ వైపు బయటికి ఉండాలి.