యాభై మీటర్లకు అన్ని కిలోమీటర్లెందుకు?

కామెరాన్ మెకెవాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఫ్రీస్టైల్‌కు ఫేవరెట్‌గా దిగి ఏడో స్థానంలో తేలాడు. టోక్యో తర్వాత ఈ ఆస్ట్రేలియన్ కొంతకాలం కొలను వదిలేసి కొండలెక్కాడు. తిరిగొచ్చాక చేసిన పని చాలామంది కోచ్‌లకు మింగుడుపడనిది: ఈదడం బాగా తగ్గించేశాడు. నడుముకు బరువు కట్టుకుని పుల్‌అప్‌లు, జిమ్నాస్టిక్స్ తరహా కసరత్తులు, నీళ్లలో కాసేపే అయినా పూర్తి వేగంతో ఈత. 2024 పారిస్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం అతనిదే. 21.25 సెకన్లు, ముప్ఫయ్యేళ్ల వయసులో.

అతను ఫిజిక్స్ చదివినవాడు. ఆ లెక్క చూడండి. వేగం పెరిగేకొద్దీ నీటి నిరోధం దాదాపు వర్గంగా పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి ఘనంగా పెరుగుతుంది. అంటే పది శాతం వేగంగా ఈదాలంటే మూడోవంతు ఎక్కువ శక్తి కావాలి. ఇరవై రెండు సెకన్లలో ముగిసే పోటీలో ఆ శక్తి ఓపికతో రాదు, కండరం ఎంత చురుగ్గా బలాన్ని విదిలిస్తుందన్నదే ముఖ్యం. గంటల తరబడి నెమ్మదిగా ల్యాప్‌లు కొట్టిస్తే నెమ్మదిగా ఈదడమే అలవాటవుతుంది.

అలాగని జిమ్‌లో ఎక్కువ బరువెత్తినవాడే గెలవడు. కండ పెరిగితే నీటికి అడ్డుపడే ఒళ్లూ పెరుగుతుంది. బెంచ్ ప్రెస్ వీరుడు బార వేసినప్పుడు చెయ్యి నీటిని పట్టుకోకుండా జారిపోతే ఆ బలమంతా నురగే. అందుకే ఈతగాడికి ఛాతీ ప్రదర్శన కన్నా లాగే కసరత్తులు ఎక్కువ పనికొస్తాయి. కాళ్లను మరిచిపోకూడదు: నిబంధనల ప్రకారం డైవ్ చేశాక 15 మీటర్ల దాకా నీటి అడుగునే ఉండవచ్చు. పోటీలో దాదాపు మూడోవంతు! బ్లాక్ మీంచి ఎగిరే ఆ దూకుడులో వెనకబడితే తర్వాత అందుకోవడం కష్టం.

మన దగ్గర తల్లిదండ్రులు ఇప్పటికీ కోచ్‌ని అడిగేది ‘ఇవాళ ఎన్ని ల్యాప్‌లు?’ అనే. చిన్నపిల్లలకు ముందు ఈత పద్ధతి కుదరాలి, నిజమే. పదిహేను, పదహారేళ్ల స్ప్రింటర్ విషయంలో మాత్రం ‘ఎంత వేగంగా, ఎంత విశ్రాంతితో?’ అని అడగండి. స్ప్రింటర్లకు అవకాశాలూ పెరుగుతున్నాయి: 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో కూడా 50 మీటర్ల పోటీలు పెడుతున్నారు.