పులస త్రోవ

గోదావరికి ఎఱ్ఱనీరు దిగినంతనే పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత మన యిండ్ల వినవచ్చుచుండును. పులస సముద్రమున పెరుగు చేప. గ్రుడ్లు పెట్టుటకు మాత్రము మంచినీటిని వెదకుకొనుచు నదికి ఎదురీదును. అమెరికా పడమటితీరపు సాల్మను చేప స్వభావమును ఇట్టిదే. పూర్వము కృష్ణలోనికిని పులస ఎక్కుచుండెడిది. బెజవాడయొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశము బారేజి వచ్చినది. ఆ చేపకు పైత్రోవ మూతపడెను.

ఆనకట్టలను నిందించుట మా యభిమతము కాదు. నాగార్జునసాగరపు కుడికాలువ 1967 నుండి నీరీయబట్టియే గుంటూరు, ప్రకాశము సీమలలో అనేకములైన మెట్టచేలు పచ్చబడినవి. అమెరికాలో ఎల్వా నదిపైనున్న రెండు ఆనకట్టలను 2011కును 2014కును నడుమ తొలగింపగా సాల్మనులు మరల పైకెక్కినవి. అన్నము పెట్టు కట్టడమును మన మట్లు తొలగింపజాలము. నదీముఖమును కాపాడుట మాత్రము మనచేతిలోని పని.

కృష్ణ సముద్రమును చేరుచోట ఉప్పునీరును మంచినీరును కలియును. అచట మడ అడవులున్నవి. వానిలో కొంతభాగము 1989లో అభయారణ్యమైనది. మడవేళ్ళు బురదను పట్టి నిలుపును, అలల ఉరవడిని తగ్గించును. రొయ్యపిల్లలకును, పండుగొప్ప పిల్లలకును ఆ వేళ్ళ నడుమనే పెంపకము. నిజాంపట్నము జాలరి వలకు చిక్కు చేపలలో అనేకము ఆ పురిటింట పెరిగినవే.

ప్రత్తి మిరప చేలలో చల్లిన మందు వాననీటితో వాగులలోనికి దిగి, కృష్ణవెంట ఆ చోటులకే పోవును. పైరిత్రాయిడు జాతి మందులు కొలదిపాటియైనను చేపలకును రొయ్యలకును ప్రాణాంతకములు. అవి చేనికైనను మేలు చేసినవా? 1987లో ప్రత్తిపై తెల్లదోమ విరుచుకొనిపడినపుడు మందులపై మందులు చల్లి, అప్పులపాలై, ప్రాణములు తీసికొన్న రైతుల కుటుంబములు ఈ సీమలోనే కలవు. దోమను తిను సాలీళ్ళు, అక్షింతల పురుగులు మందుకు చచ్చును. దోమ మందుకు అలవాటుపడి పెరుగును.

సోదరీమణులారా! మందులు లేని సేద్యమును 2004 నుండి మన రాష్ట్రమున ఊరూర వ్యాపింపజేసినవి స్త్రీల స్వయంసహాయక సంఘములే. ప్రత్తిచేని గట్లపై ఆముదము, బంతి నాటుట. జిగురు పూసిన పసుపుపచ్చని అట్టలను చేలలో నిలుపుట. అయిదు కిలోల వేపగింజల పప్పును దంచి, రాత్రియంతయు నానబెట్టి, వడియగట్టి, నూరు లీటర్ల నీటికి కలిపి చల్లుట - ఇవి మన చేతులకు అలవడిన పనులే.

మందు కొట్టక తప్పనినాడు ఆ పరికరమును కాలువలోగాని చెరువులోగాని కడుగనీయకుడు. మందుడబ్బాలను వంటయింటికి తేనీయకుడు. మన కాలువలో కలిసిన విషము ఇచటనే ఆగిపోదు. నీటితో దిగి, మడవేళ్ళ నడుమనున్న పిల్లచేపను చేరును. ఆ చేపయే జాలరియింటి కూడు.