రాలిన పూత సంగతి కూడా చెప్పుకుందాం

మిద్దెతోటల వాళ్లం నలుగురం కలిస్తే బుట్టెడు వంకాయలు కోసిన ముచ్చటే చెబుతాం. ఫాల్గుణంలో టమాటా పూత రాలిందనో, బెండాకు పసుపెక్కిందనో ఎవరూ మాటెత్తరు. ఈ రోజుల్లో ముందు చెప్పుకోవాల్సింది అదేనని నా అభిప్రాయం.

మా విజయవాడలో శివరాత్రి దాటితే డాబా సంగతి వేరు. పగలంతా కాగిన శ్లాబు రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 24కి దిగకపోతే టమాటాలో పుప్పొడి దెబ్బతింటుంది, పూత నిలవదు. మా పక్కింటి అమ్మాయి సంక్రాంతి వెళ్లాక నారు నాటింది. "మొక్క ఇంత పచ్చగా ఉంది, పిందె ఒక్కటీ లేదేంటి పిన్నిగారూ?" అని దిగులుపడుతూ కుండీల నిండా పేడనీళ్లు పోస్తోంది. ఎరువు లోపం కాదమ్మా, రాత్రి వేడి అని చెప్పాను. ఈ ముక్క అక్టోబరులోనే ఆమె చెవిన పడి ఉంటే అప్పుడే నాటుకుని, ఈపాటికి కాయలు కోసుకుని ఉండేది కదా!

కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు హైదరాబాదు నుంచి రాసి, చూపించి ఎంతోమంది చేత మిద్దెతోటలు వేయించారు. ఆయనంటే నాకు గౌరవం. అయితే ఎత్తున ఉన్న హైదరాబాదులో రాత్రులు మాకన్నా చల్లన. అక్కడి నెలల లెక్క కృష్ణ ఒడ్డున అచ్చంగా సరిపోదు. మా డాబాల లెక్క మేమే కట్టుకోవాలి. ఎవరి డాబా మీద ఏది ఎప్పుడు పోయిందో తెలియకుండా ఆ లెక్క తేలదు.

బీరతీగనే చూడండి. పిందెలు పసుపెక్కి రాలిపోతుంటే వీధిలో అందరం తెగులనుకున్నాం. ఎదురింటి మాస్టారు చెప్పారు: బీరపువ్వు విచ్చుకునేది సాయంత్రం. పై అంతస్తుల దాకా పురుగులు వచ్చి వాలడం తక్కువ. దీపాలు పెట్టే వేళ మగపువ్వు కోసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకి మనమే అద్దాలి. కాకరకైతే ఆ పని పొద్దున్నే. ఆయన తన తీగ కాయలేదని నోరు విప్పి చెప్పబట్టే ఈ మాట బయటికొచ్చింది, వీధిలో బీరకాయలు నిలిచాయి.

దాచుకుంటే నష్టం దాచుకున్నవాళ్లతో పోదు. బెండలో ఈనెలు పసుపెక్కే పల్లాకు తెగులుని తెల్లదోమ మోసుకొస్తుంది. సోకిన మొక్కకి మందు లేదు, పీకెయ్యాల్సిందే. మనసొప్పక ఉంచేస్తే దోమ పక్క డాబాకి ఎగిరిపోతుంది. కనిపించిన రోజునే కబురు చేస్తే చుట్టుపక్కలవాళ్లు పసుపు జిగురు అట్టలు కట్టుకుంటారు, కుంకుడు రసంలో వేపనూనె కలిపి సాయంత్రం పూట చల్లుకుంటారు.

ఉగాదికి మా వీధిలో విత్తనాలు మార్చుకుంటాం. పొట్లాల మీద ఇన్నాళ్లూ రకం పేరు ఒక్కటే రాసేవాళ్లం. ఈసారి ఏ నెలలో విత్తారో, పూత ఎప్పుడు ఆగిందో, ఏ పురుగు పట్టిందో, గ్రీన్ నెట్ కట్టారో లేదో కూడా రాసి తెమ్మని అందరినీ అడిగాను. గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి పొట్లాలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి, ఇవి ఎండని ఓర్చుకుంటాయి. టమాటా విత్తనం కావాలన్నవాళ్లకి పొట్లం మీద 'అక్టోబరు' అని పెద్దక్షరాలతో రాసిస్తున్నాను.