ఆలస్యానికి వెల ఒకవైపేనా?

నంద్యాల: గడువులోగా పన్ను కట్టడం పౌరుని విధి. గడువు దాటినవాడు కొంత అదనంగా చెల్లించాలనడంలో తప్పులేదు. అలా లేకపోతే వేళకు కట్టినవాడు వెర్రివాడు, ఎగవేసినవాడు తెలివైనవాడు అవుతాడు. అయితే ఆలస్యానికి వెల కట్టే త్రాసు రెండువైపులా సమంగా తూగాలి. ఇప్పుడది పౌరుని వైపే బరువుగా వాలి ఉన్నది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల రైతులు, చిరుద్యోగులు, వ్యాపారులు అడగవలసిన ప్రశ్న ఇదే.

ముందు ఆదాయపు పన్ను సంగతి. ‘పల్లెటూరి వాళ్లం, మనకు ఇన్‌కంటాక్స్ ఏమిటి?’ అనుకునేవారు ఊరూరా ఉన్నారు. సేద్యం మీద వచ్చే ఆదాయంపై కేంద్రం పన్ను వేయదన్న మాట నిజమే. రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకు వదిలింది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు నుంచి ఆ పన్ను వసూలు చేయడం లేదు. కాని అదే ఇంట్లో ఒకరు టీచరు కావచ్చు. ఎరువుల దుకాణం పెట్టి ఉండవచ్చు. లారీ నడుపుతూ ఉండవచ్చు. ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కించి అమ్ముతూ ఉండవచ్చు. ఆ సంపాదన లెక్కలోకి వస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడే వీలున్నది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను ఉండదని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. పన్నే లేనప్పుడు రిటర్ను ఎందుకని ఊరుకుంటే నష్టం తప్పదు. ఆదాయం 4 లక్షలు దాటితే, కట్టవలసిన పన్ను సున్నా అయినా, రిటర్ను దాఖలు చేసి తీరాలి. జీతగాళ్లకు సాధారణంగా జూలై 31 గడువు. అది దాటితే 5 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి 1,000 రూపాయల దాకా, అంతకు మించినవారికి 5,000 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. అంటే ఏడాదికి 6 లక్షలు సంపాదించేవాడు సర్కారుకు పైసా బాకీ లేకపోయినా, కాగితం ఆలస్యమైనందుకు 5,000 చెల్లించుకోవాలి. పన్ను బాకీ కూడా ఉంటే నెలకు 1 శాతం వడ్డీ అదనం. నెల మీద ఒక్కరోజు దాటినా పూర్తి నెల కిందే లెక్క.

మరి సర్కారే పౌరునికి సొమ్ము తిరిగి ఇవ్వవలసి వస్తే? అప్పుడు వడ్డీ నెలకు అర శాతం మాత్రమే. పౌరుడు బాకీపడితే ఏడాదికి 12 శాతం, ప్రభుత్వం బాకీపడితే 6 శాతం. కొలిచి ఇచ్చేటప్పుడు ఒక పడి, కొలిపించుకొనేటప్పుడు మరో పడి వాడే షావుకారును ఊళ్లో ఎవరూ మెచ్చుకోరు. సర్కారుకు మాత్రం ఆ పద్ధతి ఎలా నప్పుతుంది?

రాష్ట్ర ప్రభుత్వం మనిషి సంపాదనపై నేరుగా వేసేది వృత్తి పన్ను. 1987 నాటి చట్టం ప్రకారం ఇది వసూలవుతున్నది. నెలకు 15,000 వరకు జీతం ఉన్నవారికి లేదు. 20,000 వరకు 150 రూపాయలు, ఆపైన 200 రూపాయలు. ఏడాదికి 2,500 మించరాదని రాజ్యాంగమే హద్దు పెట్టింది. ఉద్యోగి జీతంలోంచి దీన్ని యజమాని కోసి ప్రభుత్వానికి కట్టాలి. కట్టకపోతే వడ్డీ, జరిమానా రెండూ ఉన్నాయి. ఈ విషయంలో కఠినంగా ఉండవలసిందే. పనివాడి జీతంలో కోసిన సొమ్ము యజమానిది కాదు. దాన్ని దగ్గర ఉంచుకోవడం ఆలస్యం కాదు, నమ్మకద్రోహం. పెనాల్టీ అసలు ఉద్దేశం ఇలాంటివారిని దారికి తేవడమే.

రైతు సంగతి వేరు. కర్నూలు–కడప కాలువ కింద, తెలుగుగంగ కింద మాగాణి చేసేవారు నీటి తీరువా కట్టాలి. పెద్ద కాలువల కింద ఖరీఫ్ మాగాణికి ఎకరాకు 200 రూపాయలు. బాకీ నిలిచిపోతే ఏడాదికి 6 శాతం వడ్డీ. ఐదెకరాల రైతుకు వెయ్యి రూపాయల తీరువాపై ఏడాదికి 60 రూపాయలు. మొత్తం చిన్నదే. అయినా న్యాయం ప్రశ్న చిన్నది కాదు. కాలువకు నీళ్లు ఆలస్యంగా వదిలితే నారు ముదురుతుంది, నాట్లు వెనుకబడతాయి, దిగుబడి తగ్గుతుంది. ఆ ఆలస్యానికి ఎవరూ వడ్డీ కట్టరు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక రాష్ట్రంలోని ధాన్యం రైతులకు పాత బకాయి 1,674 కోట్ల రూపాయలు చెల్లించింది. చెల్లించడం మంచిదే. కాని సొమ్ము చేతికి రాక రైతు తెచ్చుకొన్న చేబదులుకు వడ్డీ ఎవరు కట్టినట్టు?

పట్టణంలో ఇల్లున్న పల్లె కుటుంబాలకు మరో బాధ ఉన్నది. పురపాలక ఇంటిపన్ను ఏడాదికి రెండు విడతలు. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. ఊరి భాషలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. బ్యాంకు పంట రుణం కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ భారం పెరిగి పెరిగి వసూలు కాని స్థితికి వచ్చాక ప్రభుత్వం మాఫీ ప్రకటిస్తుంది. 2025 మార్చిలో ఇంటిపన్ను పాత బకాయిల వడ్డీలో సగం తగ్గించారు. అదే ఏడాది నీటి తీరువా బకాయిలపై వడ్డీని కూడా మాఫీ చేశారు. కష్టంలో ఉన్నవారికి ఇది ఊరటే. కాని నగలు కుదువపెట్టి వేళకు కట్టినవానికి ఏం మిగిలింది? మాఫీ వస్తుందిలే అని కూర్చున్నవాడే గెలిచాడు. మొదట నూటికి రెండు రూపాయలు వేయడం, తర్వాత సగం కొట్టివేయడం కంటే, మొదటే కట్టగలిగినంత వడ్డీ వేసి అందరి దగ్గరా ఒకేలా వసూలు చేయడం మేలు కాదా?

ఇక గడువు సంగతి జనానికి ఎలా తెలుస్తున్నది? 1984లో కరణం, మునసబు పదవులు రద్దు కాకముందు కిస్తు వేళకు ఊళ్లో దండోరా వేసేవారు. ఆ పద్ధతిలో పెత్తనాలు, అక్రమాలు లేకపోలేదు. మళ్లీ అవి రావాలని ఎవరూ కోరరు. కాని కట్టవలసిన మాట చెవిన పడేది. ఇప్పుడు కబురు సెల్‌ఫోనుకు వస్తుంది. నంబరు మారినా, ఫోను కొడుకు వెంట హైదరాబాదు పోయినా, ముసలి తండ్రికి ఏమీ తెలియదు. తెలిసేనాటికి వడ్డీ పెరిగి ఉంటుంది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. 2019 నుంచి ఊరూరా సచివాలయాలు ఉన్నాయి. గడువుకు నెల ముందు ఎంత కట్టాలో, ఆలస్యమైతే ఎంత పడుతుందో తెలుగులో వ్రాసిన కాగితం ఇంటికి చేర్చాలి. ఆ కాగితం చేరినట్టు సంతకం తీసుకొన్నాకే పెనాల్టీ మొదలు కావాలి. కాలువ నీరు ఎన్నాళ్లు ఆలస్యమైతే తీరువా గడువు అన్నాళ్లు జరపాలి. పౌరునికి రావలసిన సొమ్ముపై కూడా, పౌరుడు కట్టే రేటుతోనే సర్కారు వడ్డీ ఇవ్వాలి.

ప్రజలు కూడా తమ వంతు చేయాలి. రసీదులు భద్రపరచుకోవాలి. ఉద్యోగం, వ్యాపారం ఉన్నవారు జూలై రాకముందే లెక్కలు చూపించుకోవాలి. మాఫీ కోసం ఎదురుచూడడం మానాలి.

జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయమై శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. పన్ను కట్టేవానికి గడియారం చూపించే సర్కారు, తన గడియారం కూడా సరిచూసుకోవాలి.