యంత్రాలతో మైత్రి: తొలి నిమిషపు పొగ

గత సంచికలో బ్యాటరీ సంరక్షణ గురించి ముచ్చటించుకున్నాం. తరువాత వచ్చిన ఉత్తరాలలో ఒకటి మన క్వార్టర్లలో నివసించే ఒక సోదరి రాసినది. "ఉదయం మావారు కారు స్టార్టు చేయగానే వెనుక నుంచి తెల్లని పొగ వస్తున్నది. మెకానిక్కు ఇంజను దింపాలి, 30 వేలు అవుతుంది అంటున్నాడు. నిజమేనా?" అని ఆమె ప్రశ్న.

ముందుగా ఊరట కలిగించే మాట చెబుతాను. రాయపూర్‌లో డిసెంబరు, జనవరి మాసాల తెల్లవారుజామున మన నోటి నుంచే ఆవిరి వస్తుంది. కారు సైలెన్సరు నుంచి రావడంలో వింత లేదు. పెట్రోలులోని హైడ్రోజను మండినప్పుడు నీరుగా మారుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందంటే చాలామంది నమ్మరు. సైలెన్సరు వేడిగా ఉంటే ఆ నీరు కంటికి కనబడకుండా ఆవిరిగా పోతుంది. చల్లగా ఉంటే తెల్లని మబ్బుగా, చుక్కలుగా బయటకు వస్తుంది. రెండు మూడు నిమిషాలలో మాయమైతే 30 వేలు ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

అయితే ఇంజను బాగా వేడెక్కిన తరువాత కూడా తెలుపు తగ్గక, అందులో తియ్యని వాసన ఉండి, కూలెంటు డబ్బాలో మట్టం రోజురోజుకూ పడిపోతుంటే మెకానిక్కు మాట వినవలసిందే. హెడ్ గ్యాస్కెట్ తెగి కూలెంటు సిలిండరులోకి దిగుతున్నదని అర్థం. ఆయిలు మూత తీసి చూస్తే పాలు కలిపిన కాఫీ రంగు కనబడవచ్చు. అటువంటి బండిని నడపరాదు. వేడి మీద రేడియేటరు మూత అసలే తీయరాదు.

డీజిలు బండ్ల సంగతి కొంచెం వేరు. అక్కడ స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడితోనే ఇంధనం అంటుకోవాలి. రాత్రంతా చల్లబడిన సిలిండరు గోడలు ఆ వేడిని పీల్చుకుంటే, మండని డీజిలు తుంపరలు కళ్ళు మండించే తెల్లని పొగగా వస్తాయి. హీటరు ప్లగ్గులలో ఒక్కటి చెడినా ఇదే లక్షణం. తాళం తిప్పగానే వెలిగే చుట్టల దీపం ఆరేవరకు ఆగడానికి కొన్ని సెకన్లు చాలు. మనవాళ్ళకు ఆ ఓపిక ఉండదు.

నల్లని పొగ అంటే ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. మన ఊళ్ళో మొదట అనుమానించవలసినది ఎయిర్ ఫిల్టరునే. ఉర్లా, సిల్తరా వైపు రోజూ తిరిగే బండ్లకు కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క సరిపోదు. మేడమీద ఆరవేసిన బట్టలపై నల్లని పొడి దులుపుకునే గృహిణులకు నేను వేరే చెప్పనక్కరలేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న భారత్ స్టేజ్-6 డీజిలు కార్లలో మసిని పట్టే జల్లెడ ఉన్నది. వాటి వెనుక నల్లని పొగ కనబడనే కూడదు. కనబడితే జల్లెడ పగిలి ఉండాలి, లేదా ఎవరో పీకివేసి ఉండాలి.

ఇక నీలిపొగ. దీని గురించి రాయాలంటే నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

1994లో, రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజులలో, నేను కొత్తగా ఉద్యోగంలో చేరి వాహన విభాగంలో పనిచేస్తున్నాను. ఒక పెట్రోలు అంబాసిడర్‌లో ఇంజనాయిలు తరుగుతున్నది. షెడ్డు నేలపై ఒక్క చుక్క లేదు. డ్రైవరు ఆయిలు అమ్ముకుంటున్నాడన్న మాట పుట్టింది. నేను ఒకరోజు 11 గంటలకు, తిరిగివచ్చి నిలిపిన బండిని స్టార్టు చేయించి చూశాను. పొగ లేదు. "యంత్రంలో లోపం కనబడలేదు" అని రాసి సంతకం పెట్టాను. దాని ఆధారంగా ఆయనకు సంజాయిషీ నోటీసు వెళ్ళింది. ఆయన శ్రీకాకుళం ప్రాంతంవారు. పదవీ విరమణకు రెండేళ్ళే ఉన్నది.

మరునాడు ఆయన నా గదికి వచ్చి ఒకటే మాట అన్నారు. "బాబూ, రేపు తెల్లారి ఐదింటికి షెడ్డుకి రండి. నేను మాటాడను, బండే మాటాడతాది."

వెళ్ళాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి. ఆయన తాళం తిప్పగానే సైలెన్సరు నుంచి గుప్పున నీలిపొగ లేచింది, మాడిన ఆయిలు వాసనతో. అర నిమిషంలో ఏమీ లేదు! రాత్రంతా నిలిచిన బండిలో హెడ్డుపైనున్న ఆయిలు, గట్టిపడిపోయిన వాల్వు సీళ్ళ సందున ఒక్కొక్క చుక్కగా సిలిండరులోకి దిగుతుంది. తొలి నిమిషంలో అది మండిపోతుంది. 11 గంటలకు వేడి ఇంజనులో నేను వెతికినది ఎలా దొరుకుతుంది?

"జగదల్‌పూర్ నుంచి వస్తే కేశ్‌కాల్ ఘాటు దిగినాక కూడా ఇంతే బాబూ" అన్నారాయన. అది మరింత గట్టి సాక్ష్యం. అప్పట్లో రాయపూర్‌ను విజయనగరంతో కలిపిన 43వ నంబరు జాతీయ రహదారి అది. మనవాళ్ళు సొంత ఊళ్ళకు వెళ్ళిన దారి. ఘాటు రోడ్డులో యాక్సిలరేటరు వదిలి గేరులో దిగుతుంటే ఇంజను లోపల పీల్పు పెరిగి, ఆయిలును వాల్వు గైడ్ల వెంట లాగుతుంది. అడుగున మళ్ళీ యాక్సిలరేటరు తొక్కగానే నీలిమబ్బు. పిస్టన్ రింగులు అరిగితే ఇలా ఉండదు. వేడి మీదా, బరువు లాగేటప్పుడూ ఆగకుండా పొగ వస్తూనే ఉంటుంది.

అయినా అప్పటికి నాకు నమ్మకం చిక్కలేదు. నాలుగు సిలిండర్ల కంప్రెషను కొలిపించాను. తరువాత ఒక్కొక్క దానిలో చెంచాడు ఆయిలు పోయించి మళ్ళీ కొలిపించాను. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు సందులు మూసి అంకె పెరగాలి. దాదాపు పెరగలేదు. హెడ్డు మాత్రం విప్పించి గైడ్లు, సీళ్ళు మార్పించాము. ఆయిలు తరగడం ఆగింది. నా నివేదికను నేనే తప్పని రాసి ఇచ్చాను. నోటీసు రద్దు కావడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

తరువాత ఆ బండి లాగ్‌బుక్కు తిరగేశాను. రెండుచోట్ల ఆయన హిందీలో "సుబహ్ నీలా ధువాఁ" అని రాసి ఉన్నారు. అప్పటికి నాకు హిందీ చదవడం సరిగా రాదు. రాదని ఎవరికీ చెప్పలేదు కూడా.

కనుక పొగ పరీక్ష చేయదలచినవారు బండిని రాత్రంతా నిలిపి ఉంచండి. ఒకరు తాళం తిప్పితే మరొకరు వెనుక పక్కగా నిలబడి చూడండి. రంగు, వాసన, ఎంతసేపు ఉన్నదీ కాగితంపై రాసి మెకానిక్కుకు ఇవ్వండి. అయితే ఇదంతా ఆరుబయట మాత్రమే. చలికి తలుపు మూసిన గ్యారేజీలో ఇంజను నడపరాదు, ఒక్క నిమిషం కూడా. ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు.

ఉత్తరం రాసిన సోదరి తన కారు పొగ ఎంతసేపు ఉంటున్నదో గడియారం చూసి మళ్ళీ రాయగోరుతాను. వచ్చే సంచికలో క్లచ్ గురించి.