నాణెం వద్దు, ఫోను తియ్యి!

బ్రిటన్‌లో ఏ చిన్న ఊరికి వెళ్లినా బజారు పక్కన ఓ కార్ పార్కింగ్, అందులో ఓ మూల నిలువెత్తు యంత్రం కనిపిస్తాయి. కారు ఆపడం, యంత్రం దాకా నడవడం, చిల్లర వేయడం, బయటికొచ్చిన చీటీ తెచ్చి అద్దం వెనక కనిపించేలా పెట్టడం... అక్కడి కుటుంబాలకు ఇది ఏళ్ల తరబడి అలవాటైన పని. ఆ యంత్రాలనే ఇప్పుడు స్థానిక కౌన్సిళ్లు మార్చేస్తున్నాయి. కౌన్సిలంటే మన మున్సిపాలిటీ లాంటిదే. కొన్నిచోట్ల కొత్తవి పెడుతున్నారు. మరికొన్నిచోట్ల పాతది పీకేసి ఓ బోర్డు మాత్రం పాతి 'ఫోనులో కట్టండి' అంటున్నారు. పేచీ అక్కడే మొదలైంది.

పోనీ యంత్రాలన్నీ పాడైపోయాయా అంటే, లేదు! చాలావాటికి ఇంకా ఆయుష్షుంది. పోయిందల్లా లోపలున్న సిమ్ కార్డుకు అందాల్సిన సిగ్నల్. కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకుకు చేరాలన్నా, చిల్లర పెట్టె నిండిందనో కాగితం అయిపోయిందనో ఆఫీసుకు కబురు వెళ్లాలన్నా త్రీజీ నెట్‌వర్కే ఆధారం. అక్కడి సెల్ కంపెనీలు 2024, 2025 సంవత్సరాల్లో ఒకటి తర్వాత ఒకటి త్రీజీకి స్వస్తి పలికాయి. దాంతో కౌన్సిళ్లు ఖర్చుపెట్టి కొత్తవి కొనాలి, లేదా అసలు యంత్రమే లేకుండా కానిచ్చేయాలి. సముద్రతీర నగరం బ్రైటన్ 2023లో రెండో దారే పట్టింది.

నిజానికి ఈ యంత్రానికి చిల్లరతో తిప్పలు కొత్త కాదు. దీని తాత పార్కింగ్ మీటరు. అది పుట్టింది అమెరికాలోని ఓక్లహోమా సిటీలో, 1935 జులై 16న. దుకాణాల్లో పనిచేసేవాళ్లే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాటి ముందు కార్లు పెట్టేస్తుంటే కొనడానికి వచ్చినవాళ్లకు చోటుండేది కాదు. కార్ల్ మెగీ అనే పత్రికా సంపాదకుడికి తట్టిన ఉపాయమిది. గంటకు అయిదు సెంట్లు. లండన్‌కు ఆ మీటరు 1958లో వచ్చింది, మేఫెయిర్ ప్రాంతానికి. అక్కడ గంటకు ఆరు పెన్నీలు.

ఆ తర్వాత దేశం నాణెం మార్చినప్పుడల్లా యంత్రానికి వైద్యం చేయాల్సి వచ్చింది. 1971లో బ్రిటన్ పాత షిల్లింగుల లెక్క వదిలేసి వంద పెన్నీల పౌండుకు మారింది. 2012లో అయిదు, పది పెన్నీల బిళ్లల లోహం మార్చారు. అవి వెంట్రుకవాసి మందమయ్యాయి. అంతే, యంత్రాలు వాటిని గుర్తుపట్టనని మొరాయించాయి! 2017లో ఏకంగా పౌండు బిళ్లే పన్నెండు అంచులతో వచ్చింది. పాత బిళ్లల్లో ముప్ఫైకి ఒకటి దొంగదని తేలడమే కారణం. మార్చి 28న కొత్తది వస్తే, అక్టోబరు 15న పాతది చెల్లకుండా పోయింది. ఆ ఆరున్నర నెలల్లో ఊరూరా యంత్రాలను సరిచేయించుకోవాల్సి వచ్చింది.

యంత్రం నాణేన్ని కంటితో చూడదు కదా. దాని సైజు, మందం, లోహం తీరు చూసి అసలో నకిలీయో తేల్చుకుంటుంది. తిప్పికొట్టిన బిళ్లను యంత్రం ఒంటికి పరపరా గీకి మళ్లీ వేస్తే తీసుకుంటుందని జనం నమ్మకం. ఆ గీతలకు రంగు ఊడిన పాత యంత్రాలెన్నో. ఆ నమ్మకంలో నిజమెంతో గానీ, కోపం మాత్రం తీరేది.

ఇంకో ముచ్చటా ఉండేది. రెండు గంటలకు కట్టి గంటలోనే పని ముగించుకున్నవాళ్లు వెళ్తూ వెళ్తూ మిగిలిన చీటీని కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో పెట్టేవారు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు చేసే చిన్న ఉపకారం! కౌన్సిళ్లకు అది నష్టం. అందుకే ఇప్పుడు చాలా యంత్రాలు ముందు బండి నంబరు అడుగుతాయి. ఎవరి చీటీ వారిదే.

ఇదంతా ఒక ఎత్తు, ఫోనొకటే దిక్కనడం మరో ఎత్తు. స్మార్ట్‌ఫోను లేని పెద్దలున్నారు. ఉన్నా, వానలో నిలబడి యాప్ దించుకుని, కార్డు వివరాలన్నీ కొట్టడం చేతకానివాళ్లున్నారు. పైగా ఒక ఊరికి రింగ్‌గో, పక్క ఊరికి పేబైఫోన్, ఆ పక్క ఊరికి జస్ట్‌పార్క్. కొన్నింటికి సర్వీసు ఛార్జీ అదనం. బోర్డు మీద అసలు క్యూఆర్ కోడ్‌పై దొంగలు తమ స్టిక్కర్ అంటించి ఖాతాలు ఖాళీ చేస్తున్న ఉదంతాలూ బయటపడ్డాయి. మన స్టాండు కుర్రాడైతే 'చిల్లర లేదా? వచ్చాక ఇవ్వండి బాబాయ్' అంటాడు. అక్కడ అడిగే దిక్కు లేదు. కట్టకపోతే జరిమానా నోటీసే. పెద్దలను ఇలా వెలివేయొద్దని అప్పటి మంత్రి మైకేల్ గోవ్ 2023 ఏప్రిల్‌లో కౌన్సిళ్లకు లేఖ రాశారు. అది విజ్ఞప్తే, ఆదేశం కాదు.

కౌన్సిళ్ల బాధా కొట్టిపారేసేది కాదు. చిల్లర పోగుచేసి, లెక్కబెట్టి, బ్యాంకులో వేయడానికి జీతాలివ్వాలి. డబ్బు కోసం యంత్రాలు పగలగొట్టే దొంగల బెడద సరేసరి. వీధి పార్కింగ్‌లో మిగిలిన డబ్బును ఇష్టమొచ్చినట్టు వాడుకోవడానికీ లేదు. 1984 నాటి చట్టం ప్రకారం అది ప్రధానంగా రోడ్లు, రవాణా పనులకే పోవాలి. ఉత్తర లండన్‌లోని బార్నెట్ కౌన్సిల్ ఇంటి ముందు కారు పెట్టుకునే పర్మిట్ రుసుమును 40 పౌండ్ల నుంచి 100కు పెంచింది. ఓ స్థానికుడు కోర్టుకెక్కాడు. ఆదాయం కోసం అలా పెంచడం చెల్లదని 2013లో హైకోర్టు తీర్పిచ్చింది. అంటే ఒక్కడు గట్టిగా నిలబడినా కౌన్సిల్ దిగి రావాల్సిందేనన్నమాట.

బ్రైటన్‌లో నగదు కట్టాలనుకునే వారికి ఒక దారి మిగిల్చారు. పేపాయింట్ ఉన్న దుకాణానికి వెళ్లి బండి నంబరు చెప్పి డబ్బివ్వచ్చు. దుకాణం దగ్గర్లో ఉంటే, తెరిచి ఉంటే. ఇక యాప్‌ల గందరగోళానికి మందుగా, ఏ యాప్ ఉన్నా ఎక్కడైనా కట్టుకునే జాతీయ వేదిక ఒకటి సిద్ధమైంది. 2025లో దాని నిర్వహణను పార్కింగ్ రంగానికే అప్పగించారు. కౌన్సిళ్లు ఒక్కొక్కటిగా అందులో చేరుతున్నాయి. చేరనిచోట మాత్రం ఊరు మారితే యాప్ మారాల్సిందే.