వైఫైకి తాళం వేయడం వచ్చా?

సైబర్ సెక్యూరిటీ ఉద్యోగం అనగానే చాలామంది విద్యార్థులకు పెద్ద బ్యాంకులు, ఐటీ కంపెనీలే గుర్తొస్తాయి. కానీ డయాగ్నొస్టిక్ సెంటర్, ఆడిటర్ ఆఫీసు, కోచింగ్ సెంటర్, బట్టల షోరూమ్.. వీటిలోనూ జనం ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు, రిపోర్టులు ఉంటాయి. అవన్నీ మూలన ఉన్న వైఫై రౌటర్ మీదుగానే వెళ్తాయి. ఆ రౌటర్ బాధ్యత ఎవరిదని అడిగితే చాలాచోట్ల జవాబు ఉండదు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు పెట్టిన సెట్టింగులే ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. ఉద్యోగం వెతుక్కునే మీకు ఇక్కడే ఓ అవకాశం ఉంది.

చట్టం ఏమంటోంది?

హ్యాకింగ్ లాంటి ఘటన జరిగితే 6 గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. చిన్న, మధ్యతరహా సంస్థలకు కొంత గడువిచ్చి, అదే ఏడాది సెప్టెంబరు 25 నుంచి వర్తింపజేసింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. డేటాకు తగిన భద్రత కల్పించకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా వేయొచ్చు. దీని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. చిన్న దుకాణానికి అంత జరిమానా పడుతుందని కాదు, అది తప్పు తీవ్రతను బట్టి ఉంటుంది. కానీ 'మాకు తెలీదు' అంటే మాత్రం కుదరదు.

ఇలా జరిగింది!

అమెరికా రిటైల్ సంస్థ టీజేఎక్స్ నుంచి 4.5 కోట్లకు పైగా కార్డుల వివరాలు చోరీ అయిన సంగతి 2007లో బయటపడింది. దొంగలు లోపలికి దూరింది దుకాణాల వైఫై నుంచే. అక్కడ వాడిన 'వెప్' రక్షణ బలహీనమైందని అప్పటికే అందరికీ తెలుసు. మన దేశంలో 2008 అహ్మదాబాద్, ఢిల్లీ పేలుళ్ల సమయంలో ఉగ్రవాదుల ఈమెయిళ్లు ముంబయి పరిసరాల్లోని ఇతరుల వైఫైల నుంచి వెళ్లాయి. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు మొదట చేరింది ఆ కనెక్షన్ల యజమానుల దగ్గరికే.

ఏం మార్చాలి? ఎందుకు?

* అడ్మిన్ పాస్‌వర్డ్: వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లే పాస్‌వర్డ్ వేరు. రెండోదాన్ని చాలామంది మార్చరు. 2016లో మిరాయ్ మాల్‌వేర్ కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలు, రౌటర్లను లొంగదీసుకుంది.
* ఎన్‌క్రిప్షన్: డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేదంటే డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ ఎంచుకోవాలి. వెప్ తప్ప మరొకటి లేని రౌటర్‌ను మార్చేయాల్సిందే.
* పొడవైన పాస్‌వర్డ్: డబ్ల్యూపీఏ2లో ఫోన్ కనెక్టయ్యే క్షణంలో నడిచే సమాచారాన్ని పట్టుకుని, హ్యాకర్ తన కంప్యూటర్‌లో తీరిగ్గా పాస్‌వర్డ్‌ను ఊహించొచ్చు. షాపు ఫోన్ నంబరే పాస్‌వర్డ్ అయితే ఎంతోసేపు ఆగదు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపితే మేలు.
* డబ్ల్యూపీఎస్ ఆఫ్: ఇందులోని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది. అందుకే సుమారు 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లో తేలింది.
* గెస్ట్ నెట్‌వర్క్: కస్టమర్ల ఫోన్లు, సీసీ కెమెరాలు, బిల్లింగ్ కంప్యూటర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉండకూడదు.
* నిర్వహణ: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయాలి, ఇంటర్నెట్ నుంచి రౌటర్‌ను నడిపే సదుపాయాన్ని ఆపేయాలి. ఉద్యోగి మానేస్తే పాస్‌వర్డ్ మార్చాలి.

వైఫై పేరును దాచేస్తే భద్రమనుకోవడం అపోహ. ఉచిత టూల్స్‌తోనే అది బయటపడుతుంది.

ఉద్యోగం ఎక్కడ?

నిజం చెప్పాలంటే ఇరవై మంది పనిచేసే సంస్థ సెక్యూరిటీ కోసం ప్రత్యేకంగా ఒకర్ని పెట్టుకోదు. ఆ పనిని బయటి ఐటీ సర్వీస్ సంస్థకు ఇస్తుంది. ఒక్కో సర్వీస్ సంస్థ ఎన్నో ఆఫీసుల నెట్‌వర్క్‌లు చూస్తుంటుంది. ఫ్రెషర్లు నెట్‌వర్క్ సపోర్ట్ ఇంజినీర్‌గా అడుగుపెట్టేది ఎక్కువగా ఇలాంటిచోటే. అక్కడి అనుభవంతో ఎస్ఓసీ అనలిస్ట్ వైపు వెళ్లొచ్చు. కాబట్టి వేలకు వేలు పోసి 'హ్యాకింగ్ కోర్సు'లో చేరేముందు నెట్‌వర్కింగ్ బేసిక్స్ పట్టుకోండి. సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. సీ-డాక్ హైదరాబాద్ నిర్వహించే ఐసీయా అవగాహన పోర్టల్‌లోనూ ఉచిత పాఠాలున్నాయి.

ముందు మీ ఇంటి రౌటర్‌తో మొదలుపెట్టండి. తర్వాత తెలిసినవాళ్ల షాపులో, యజమాని రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే చేయి పెట్టండి. అనుమతి లేకుండా ఇతరుల నెట్‌వర్క్‌లోకి దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. 'ఊరికే చూశానండీ' అన్న మాట కేసును ఆపదు, కెరియర్‌ను మాత్రం ఆపేస్తుంది.

పని అయ్యాక ముందు ఏముంది, ఏం మార్చారు, ఎందుకు మార్చారో రెండు పేజీల్లో రాసిపెట్టుకోండి. పాస్‌వర్డ్‌లు, షాపు పేరు అందులో ఉండకూడదు. ఇంటర్వ్యూలో 'డబ్ల్యూపీఎస్ ఎందుకు ఆపేశారు?' అని అడిగితే, కారణంతో సహా జవాబు చెప్పడానికి ఆ రెండు పేజీలే మీకు ఆధారం.